బల్ల దగ్గరికి రాని యాకోబు

2022లో ఆదోనిలోని ఒక డీ-అడిక్షన్ క్లినిక్‌లో నర్సుగా చేసేదాన్ని. ఉండేది ఎమ్మిగనూరులో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. మా చర్చి సంఘంవాడే అయిన యాకోబు అక్కడికి రోగిగా వచ్చాడు. పత్తి మిల్లులో బేళ్లు మోసే హమాలీ, పదిహేనేళ్ల తాగుడు. భార్య రూతమ్మ అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఈసారి తాగినాడంటే పిల్లోళ్లను తీసుకోని పుట్టింటికి పోతా సిస్టరమ్మా" అంది.

డాక్టరుగారు నాల్‌ట్రెక్సోన్ రాశారు. తాగాలన్న ఆరాటాన్ని తగ్గించే మాత్ర అది. తాగుడు కూడా షుగరులాగా ఏళ్ల తరబడి కనిపెట్టుకోవాల్సిన జబ్బేననీ, పాత వాసన తగిలితే చాలు మెదడులో ఆశ లేస్తుందనీ కొత్త పరిశోధనల్లో తేలిందని ట్రైనింగులో మాకు చెప్పారు. ఆశను లేపేదాన్ని ట్రిగర్ అంటారు. శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాను. ప్రార్థన చేసి మాత్ర చేతిలో పెట్టేదాన్ని. రెండూ దేవుడిచ్చినవేనని నా నమ్మకం.

రెండు నెలలు యాకోబు తాగలేదు. కానీ నెల మొదటి ఆదివారం, యేసు జ్ఞాపకార్థం రొట్టె, రసం పుచ్చుకునే ప్రభువు బల్లకు లేచేవాడు కాదు. మా సంఘంలో ఒకే గిన్నె, పులిసిన ద్రాక్షారసం, మనిషికో గుక్క. చాటుగా తాగుతున్నాడు కాబట్టే బల్లకు రావడం లేదని వెనక చాపల మీద గుసగుసలు. రూతమ్మ తలెత్తలేకపోయింది.

మూడో నెల గుడి వాకిట్లో అతన్ని నిలేశాను.

"ఏం యాకోబన్నా, అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా? ఈ రోజు బల్లకు రావాల్సిందే."

"వద్దు సిస్టరమ్మా. ఆ వాసనకే నాలిక గుంజుతాంది."

"అది సారాయి అనుకున్నావా? విశ్వాసముంచి రా."

వచ్చాడు. గుక్క తాగాడు. నేను సంతోషంతో కళ్లు తుడుచుకున్నాను. మధ్యాహ్నం రూతమ్మ ఫోను: "బ్రాందీ షాపుకాడ పడిపోయినాడు. నేను మూట కట్టుకుంటాండా."

పరుగున వెళ్లాను. బల్ల ఉన్న ఆదివారం గుడికి అందరూ ఉపవాసంతోనే రావడం మా ఆచారం. అందుకని పొద్దుటి మాత్ర కూడా మింగలేదట. ఆ ఆచారం తెలిసీ నేను అడగలేదు.

"తప్పు నాది రూతమ్మా," అన్నాను.

ఆమె మూట ముడి బిగిస్తూ, "నువ్వు తాపించింది ఒక్క గుక్కేలే. మిగతా సీసా ఆయప్పదే" అంది. అంటూనే ఏడ్చింది. "వచ్చే నెల బల్లదాకా చూస్తా. అంతే."

చెప్పడానికి యాకోబు ఒప్పుకున్నాక పాస్టరయ్యతో అంతా చెప్పాను. ఆయన ముందు, "తాతల నాటి పద్ధతమ్మా," అన్నాడు. ఆ తర్వాత, "బల్ల పరిచింది లేవలేనోని కోసమే గదా. పులియని రసం ఎట్ల చేయాలో చూడండి."

రూతమ్మ ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, మూట కట్టిన గుడ్డనే ఉతికి దాంతో వడగట్టింది. ఆ ఆదివారం యాకోబు మాత్ర మింగాకే గుడికి వచ్చాడు. అందరూ అదే గిన్నెలో తాగారు. ఒక పెద్దాయన ముఖం చిట్లించి, "ఇదేందప్పా, పాయసం లెక్కుంది" అన్నాడు.

"నాకు అదే సాలు తాతా," అన్నాడు యాకోబు.

సహోదరుడి దారిలో అడ్డుబండ వేయకూడదని సండే స్కూల్లో కంఠస్థం చేసినదాన్ని నేను. విశ్వాసం పేరుతో ఆ బండ వేసిందీ నేనే. ఇప్పుడు కొత్త రోగి ఎవరొచ్చినా ముందు అడిగేది, "నీకు ఏ వాసనకు నాలిక గుంజుతుంది?" అని. చెప్పింది నమ్ముతాను. తన బలహీనతను ఒప్పుకునే మనిషికి విశ్వాసం తక్కువని మళ్లీ ఎన్నడూ అనలేదు.