నాలుగింటి టీ, చంద్రకాంత మొక్క

చంద్రకాంత మొక్కను ఇంగ్లీషులో ‘ఫోర్ ఓ క్లాక్’ అంటారు. సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో పువ్వు విచ్చుకుంటుంది కాబట్టి ఆ పేరు. ఈ సంగతి ఎక్కడో చదివి, ఇంటి పక్కనే మిరపకాయలు ఆరబోసిన కళ్లంలో నా భార్యకు చెప్పాను. అక్కడే కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడకూలీలు విన్నారు. దాంతో నాకు మనశ్శాంతి పోయింది.

ఏరుడు పనికి వచ్చినవాళ్ళకు నాలుగింటికి టీ ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. మా ఆవిడ ఎప్పుడూ ఆలస్యం చేసేది. మర్నాడు మబ్బు పట్టింది. నీళ్ళ తొట్టి పక్కన ఆవిడ నాటిన చంద్రకాంత మూడింటికే విచ్చుకుంది.

“వదినా, నాలుగైంది. టీ ఏదీ?” అంది కూలీల పెద్ద.

“లోపలికొచ్చి గడియారం చూడు. మూడు.”

“గడియారం నీది. మొక్క దేవుడిది. అన్నయ్యే చెప్పాడుగా?”

మా ఆవిడ చూసిన చూపుకు నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. టీ మాత్రం వచ్చింది.

ఎండలు ముదిరాక కథ తిరగబడింది. ఆ పేరు పెట్టినవాళ్ళు గుంటూరు ఎండ చూసి ఉండరు. అయిదవుతున్నా మొగ్గ కదిలేది కాదు. “పువ్వు పూయందే టీ ఏమిటి?” అని మా ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకునేది. ఒక మధ్యాహ్నం చూస్తే మొక్క మీద గోనెపట్టా కప్పి ఉంది.

“ఇదేమిటే?” అని కూలీల పెద్దను అడిగింది మా ఆవిడ.

“ఎండకు వాడిపోతోంది పాపం, వదినా. చీకటి పడిందనుకుని కాస్త ముందే పూస్తుందేమోనని కూడా.”

“నేను వాడిపోతుంటే ఏనాడన్నా కప్పావా?” అంటూనే నవ్వాపుకోలేక టీ పెట్టింది.

ఈ వేసవికి ఆవిడ లేదు. ఏరుడు మొదలైన రోజు నాలుగు దాటింది. అయిదు కావస్తోంది. ఎవరూ టీ అడగలేదు. మొక్క వైపు చూడను కూడా లేదు. తలలు వంచుకుని కాయలు ఏరుతున్నారు. నా మీద జాలి. మనిషి ఎలాగూ పోయింది, ఆ తగవు కూడా పోతే నాకేం మిగులుతుందనిపించింది. లేచి, గోనెపట్టా తెచ్చి మొక్క మీద కప్పాను.

కూలీల పెద్ద తలెత్తింది. “అది కప్పితే చాలదు అన్నయ్యా. పొయ్యి కూడా వెలిగించాలి.”

వంటింట్లోకి వెళ్ళి ఒక డబ్బా మూత తీశాను. కళ్లంలోంచి కేక వినిపించింది.

“పంచదార కింద అరలోది! పైది ఉప్పు!”