వియ్యపురాళ్ళు మంచు తొక్కిన రోజు

మొన్న లిఫ్టు దగ్గర మా కింది అంతస్తు అమ్మాయి కనబడింది. హైదరాబాదు పిల్ల, మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ చాంగీ బిజినెస్ పార్కులోనే ఉద్యోగాలు. రెండు చేతుల్లో రెండు సంచుల నిండా ఉన్నికోట్లు, మా వుడ్‌ల్యాండ్స్ ఉక్కపోతలో వాటిని చూస్తేనే చెమట పట్టింది నాకు. జూన్ సెలవుల్లో పిల్లవాడికి మంచు చూపించడానికి న్యూజిలాండు తీసుకెళ్తున్నారట. "ఆంటీ, మీరెప్పుడైనా స్నో చూశారా?" అని అడిగింది, పుట్టిందగ్గర్నుంచీ ఈ సింగపూరు దీవిలోనే ఉన్న ముసలావిడ ఏం చూసుంటుందిలే అన్న జాలి గొంతులో వినిపిస్తూనే ఉంది. చూశానమ్మా అన్నాను. ఇంతలో లిఫ్టు వచ్చింది. లిఫ్టులో చెప్పేంత చిన్న సంగతి కాదు గనక ఇక్కడ మీతో చెప్పుకుంటున్నాను.

మా తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. నాన్న ఉత్తరాన ఓడలు బాగుచేసే చోట పనిచేసేవారు, మేముండేది అక్కడి క్వార్టర్సులోనే. మాకు దగ్గర్లోనే న్యూజిలాండు సైనికుల శిబిరం ఉండేది, ఆ వైపు పెరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సాయంత్రం పూట ఎర్రగా కాలిన మొహాలతో కొబ్బరినీళ్ళు తాగుతూ నిలబడేవారు. మా అక్క నర్సు. కాలు విరిగి ఆస్పత్రికి వచ్చిన ఒక సైనికుణ్ణి పట్టుకుని నడక నేర్పించి, నేర్పించి, చివరికి తనే అతని వెంట నడిచి వెళ్ళిపోయింది. రిజిస్టరు పెళ్ళి. నాన్న ఆ రోజునుంచి అక్క పేరు ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. అమ్మ మాత్రం అన్నం తినేటప్పుడు ఒక్కోసారి ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చుండిపోయేది.

రెండేళ్ళకు న్యూజిలాండు నుంచి, అక్క నీళ్ళోసుకుందని కబురొచ్చింది. రక్తపోటు ఉంది, విమానం ఎక్కకూడదని డాక్టర్లు అన్నారట. అమ్మ ఆ రోజు నాన్న ముందు నిలబడి, అంతకు ముందూ ఆ తర్వాతా నేనెప్పుడూ వినని గొంతుతో చెప్పింది: "మొదటి పురుడు పుట్టింట్లోనే జరగాలి. అది రాలేకపోతే పుట్టిల్లే అక్కడికి వెళ్తుంది." నాన్న పేపరు మడతపెట్టి బయటికి వెళ్ళిపోయారు, వద్దని మాత్రం అనలేదు. అమ్మకు ఇంగ్లీషు నాలుగు ముక్కలకు మించి రాదు గనక తోడుగా నేను బయల్దేరాను. అప్పటికి టెలిఫోను ఆపరేటరుగా ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, సెలవు అడగడానికే వణికిపోయాను. పెట్టె నిండా వాము, శొంఠి, మిరియాలు, పసుపు, పాత చీరలు. విమానాశ్రయంలో పెట్టె తెరిపించినప్పుడు ఆ ఘాటుకు అక్కడి ఉద్యోగి తుమ్మిన తుమ్ము నాకింకా వినిపిస్తుంది.

ఆషాఢమాసమంటే మనకు వానలు కదా, అక్కడ నడి చలికాలం. ఆ తలకిందుల లెక్కే నాకు మొదటి వింత. బావవాళ్ళది కొండవాలులో గొర్రెల పొలం. కనుచూపు మేరలో మరో ఇల్లు లేదు. తండ్రి పోయాక బావా, వాళ్ళమ్మా కలిసి నడుపుకుంటున్నారు. ఆవిడ మా అమ్మకంటే జానెడు పొడుగు, గొంతు మాత్రం పిట్టగొంతు. అమ్మ వెళ్ళీ వెళ్ళగానే ఆవిణ్ణి "వదినగారూ" అంది. అది తనకు పెట్టిన ముద్దుపేరనుకుందో ఏమో, ఆవిడ కూడా అమ్మను "వదినా" అని పిలవడం మొదలుపెట్టింది. ఇద్దరికీ కలిసిన భాష ఆ ఒక్క మాటే.

బావతో మాత్రం అమ్మ మాట్లాడేది కాదు. ఎదురుగా కూర్చున్నా "అన్నం తింటాడేమో అడుగు" అని నాతో అనేది. అతను పాపం నా మొహమూ అమ్మ మొహమూ మార్చి మార్చి చూసి, రెండుసార్లు తలూపేవాడు.

నాకు మంచు పిచ్చి పట్టుకుంది. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరికి పరుగెత్తడం, పడలేదని నిట్టూర్చడం. మంచంటే మా దగ్గర అమ్మే ఐస్ కచాంగ్‌లో గీకిపోసే ఐసుగడ్డ పొడిలాంటిది ఆకాశం నుంచి రాలుతుందని నా ఊహ. తీరా పడ్డ రోజు నన్ను నిద్రలేపింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. గొర్రెల అరుపు లేదు, రేకుల మీద గాలి లేదు, ఇంటి చుట్టూ ఎవరో దూది కుక్కినట్టు. పావడా మీదే బయటికి పరుగెత్తి, చారెడు తీసి నోట్లో వేసుకున్నాను. రుచి లేదు. వాసన మాత్రం ఉంది, తడిసిన ఇనుము వాసన. చేతిలో పడ్డ మంచురేకు మీద అంత సన్నని పనితనం ఎవరు చెక్కారా అని చూసేలోపే అది నీళ్ళయిపోయేది, మళ్ళీ ఇంకొకటి పట్టుకునేదాన్ని. అక్క కిటికీలోంచి పొట్ట పట్టుకుని నవ్వింది.

మధ్యాహ్నానికి నవ్వులు ఆగిపోయాయి. గాలి లేచింది. మంచు పైనుంచి కాకుండా పక్కనుంచి పడడం మొదలుపెట్టింది. కరెంటు పోయింది, ఫోను పోయింది, రోడ్డు ఎక్కడుందో తెలియకుండా పోయింది. మర్నాడు పొద్దున కొంచెం తెరిపి ఇవ్వగానే బావ కుక్కను తీసుకుని పై వాలుకు బయల్దేరాడు. అక్కడ మంద చిక్కుకుపోయిందట. మంచు లోతైతే గొర్రె ఒక్క అడుగు వేయదనీ, నిలబడ్డచోటే కూరుకుపోయి చచ్చిపోతుందనీ, ముందు మనిషి నడిచి తొక్కి దారి చేస్తేనే ఆ గాడిలో ఒకదాని వెనక ఒకటి దిగివస్తుందనీ అక్క చెప్పింది. అవన్నీ ఈనబోయే గొర్రెలేనట. అమ్మ ఆ మాట విని, అక్క పొట్ట వైపు ఒకసారి చూసి, "అయ్యో, అవీ కడుపుతోనే ఉన్నాయా" అంది.

మధ్యాహ్నం దాటింది, మళ్ళీ ముసురుకుంది, బావ రాలేదు. అక్క పొయ్యి దగ్గరా కిటికీ దగ్గరా తిరుగుతోంది, కాళ్ళు వాచి ఉన్నాయి. వాళ్ళత్తగారు బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు. అప్పుడు అమ్మ నా వైపు తిరగకుండా, గాలిలోకి అడిగినట్టు అడిగింది: "పిల్లవాడు ఏడీ?"

నాచేత అడిగించకుండా బావ గురించి అమ్మ తనే అడగడం అదే మొదలు.

పోయిన బావ తండ్రిది ఉన్నిపంట్లాము ఒకటి చీరకింద తొడుక్కుని, చెంగు నడుముకు చుట్టి, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చి అమ్మ తయారైంది. అక్క వద్దమ్మా అని ఏడ్చింది. పెద్దావిడ అమ్మను ఎగాదిగా చూసి, తన మఫ్లరు తీసి అమ్మ తలకు బిగించి కట్టారు. అంతే, ముగ్గురం బయటపడ్డాం. కంచె తీగను చేత్తో వదలకుండా ఎక్కాలని ఆవిడ సైగ చేశారు, తీగ వదిలితే దిక్కు పోతుంది.

ఆవిడ ముందు, అమ్మ నడుమ, నేను వెనక. తొడల లోతు మంచు. ఒక్కో అడుగూ ఎత్తి, బలంగా దింపి, పక్కకు ఒత్తి, మళ్ళీ ఎత్తడం. వడ్లు తొక్కినట్టుంది అంది అమ్మ, తను పుట్టి బుద్ధెరిగి వరిపొలం చూసిందే లేదు, వాళ్ళమ్మ చెప్పిన మాటే అది. పెద్దావిడ అలిసిపోతే అమ్మ ముందుకు వెళ్ళేది, అమ్మ అలిసిపోతే నేను. ఎవరూ ఎవరినీ అడగలేదు. రొప్పుతున్నా నా కళ్ళు మాత్రం ఊరుకోలేదు. మంచులో గుంట పడ్డచోట లోపల లేత నీలం వెలుగు కనబడేది, ఆ నీలం ఎక్కడినుంచి వస్తోందా అని అంత భయంలోనూ వంగి చూశాను.

కొంత పైకి వెళ్ళాక ఏమీ కనబడలేదు. అప్పుడు అమ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "బాబూ! ఓ బాబూ!" అని కేక పెట్టింది. క్వార్టర్సులో పొద్దుగూకితే మమ్మల్ని ఆటల నుంచి పిలిచే కేక, నాలుగు వరసల అవతలికి వినబడేది. రెండోసారి పిలిచినప్పుడు పైన కుక్క మొరిగింది. మూడోసారికి నల్లగా ఒక ఆకారం కదిలింది.

బావ అటునుంచి దారి తొక్కుకుంటూ దిగుతున్నాడు. విరిగి అతికిన కాలు మొరాయించి, చాలాసేపటిగా ఒకేచోట ఆగిపోయాడట. అతనికీ మాకూ మధ్య తొక్కని మంచు ఇంకా చాలానే ఉంది. మేము ఎక్కాం, అతను ఈడ్చుకుంటూ దిగాడు. రెండు దారులూ కలిసిన చోట పెద్దావిడ కొడుకు చెంప మీద చెయ్యి వేశారు. అతని వెనక, ఆవిర్లు కక్కుతూ, వీపుల మీద మంచు మోస్తూ, గొర్రెల వరస. కొన్ని దక్కలేదు. దక్కినవన్నీ మా అడుగుల్లోంచే కిందికి వచ్చాయి.

ఇంట్లో అమ్మ అతని పాదాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టించి, మిరియాల చారు గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా నిలబడి తెలుగులోనే దులిపేసింది: "ఒంటరిగా వెళ్తావా? ఇంట్లో ఇంతమంది ఆడవాళ్ళం లేమూ?" ఘాటుకు దగ్గుతూ అతను ఏమంటోందని అక్కను అడిగాడు. అక్క ఏడుస్తూ నవ్వుతూ, ఈసారి వెళ్ళేటప్పుడు తననూ పిలవమంటోంది అని చెప్పింది. పిలుస్తానని అతను చాలా గంభీరంగా తలూపాడు.

రోడ్డు తెరుచుకున్నాక అక్క పట్నం ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. ఫోను బాగయిన రోజున నేనే సింగపూరుకు కలిపాను. మనవరాలు పుట్టిందన్నాను, తల్లీ బిడ్డా క్షేమమన్నాను, తుపాను సంగతంతా చెప్పాను.  అంతా విని నాన్న, "గొర్రెలు బతికాయా?" అని అడిగారు. అమ్మకు ఆ మాట చెబితే కళ్ళు తుడుచుకుంది. అల్లుడి క్షేమం ఆయన అంతకంటే సూటిగా అడగలేరని ఆవిడకు తెలుసు. మరుసటేడు పిల్లను తీసుకుని వాళ్ళు వచ్చినప్పుడు బస్సు స్టాపు దాకా ఎదురెళ్ళింది నాన్నే.

ఇప్పుడు అమ్మా, నాన్నా, పెద్దావిడా ఎవరూ లేరు, బావ కూడా. పై వాలు అమ్మేశారు, అక్కడ కలప కోసం పైన్ చెట్లు వేశారట. అక్క వాలు కింద ఆ పాత ఇంట్లోనే ఉంటుంది. ఈ రోజుల్లో తుపాను రాకముందే ఫోన్లో కబురొచ్చేస్తుంది, రోడ్డు మీద మంచు ఎత్తడానికి యంత్రం వస్తుంది. మంచిదే, ఆ కాలంలో అక్క పడ్డ హడలు ఇంకెవరూ పడనక్కర్లేదు. అయినా మంచు పడ్డ పొద్దున బూట్లు తొడుక్కుని, కంచె తీగ పట్టుకుని, గేటు దాకా మెల్లగా తొక్కుకుంటూ వెళ్ళి వస్తానంది అక్క మొన్న ఫోనులో. ఎందుకే, గొర్రెలు కూడా లేవుగా, పడితే ఎవరు లేపుతారు అని కోప్పడ్డాను.  అప్పుడు అక్క, ఆ తుపాను రోజు తను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయిందనీ, మేము ముగ్గురం మంచులో కలిసిపోయిందాకా చూసిందనీ, అది తొక్కితే ఎలా ఉంటుందో తనకొక్కదానికే తెలియకుండా పోయిందనీ చెప్పింది.