మూడు లైట్లూ వెలిగితేనే పిండి

ఈ రోజు వన్ టౌన్‌లో ఒక మామ్మగారి పిండిమరని త్రీ ఫేజ్ నుంచి సింగిల్ ఫేజ్‌కి మార్చాను. కొత్త మోటారు బిగించి, స్టార్టర్ వైరింగ్ అంతా మార్చి, "ఇక బటన్ నొక్కండి మామ్మగారూ" అన్నాను. ఆవిడ నొక్కితేగా! స్టార్టర్ మీద ఫేజుకొకటి చొప్పున ఉన్న మూడు లైట్లలో ఒక్కటే వెలుగుతోంది.

"ఇంకా రెండు ఫేజులు రాలేదు నాయనా. ఇప్పుడేస్తే మోటారు కాలిపోద్ది."

"కొత్త మోటారుకి ఒక్కటి చాలండీ. మిగతా రెండూ ఇక రావు."

"వస్తాయిలే, కాసేపు కూర్చో."

బియ్యం డబ్బాలతో క్యూలో ఉన్నవాళ్లంతా ఆవిడ పక్షమే. చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. ఆవిడ నాకు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లగానే, మెయిన్ ఆపి, మూడు లైట్లనీ ఆ ఒక్క ఫేజుకే కలిపి, మళ్లీ వేశాను.

"మామ్మగారూ, మూడూ వచ్చేశాయి!" అని క్యూ అంతా కేకేసింది.

ఆవిడ వచ్చి బటన్ నొక్కారు. మర తిరిగింది, పిండి మెత్తగా పడింది.

"చూశావా! నీ మాట విని కంగారుపడితే మోటారు పోయేది" అంటూ మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు.

"నిజమేనండీ" అని తాగేశాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. మజ్జిగ మాత్రం చాలా బాగుంది.