డొల్ల చప్పుడు

టైల్స్ మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, పనివాళ్లంతా ఆయన్ని డొల్లయ్య అనే పిలిచేవారు. అతికించిన ప్రతి టైల్‌నూ ఆరాక మడిచిన వేలితో నాలుగు మూలలా, నడిమధ్యనా కొట్టి చూసేవాడు. టక్కుమంటే వెనక గమ్ము నిండుగా పట్టినట్టు. డొప్పుమంటే లోపల ఖాళీ, అంటే డొల్ల. డొల్ల అని తేలిందా, ఇంటివాళ్లు ఎంత బతిమాలినా పీకి మళ్లీ వేయాల్సిందే. అదే ఆయన గొప్ప, అదే ఆయన పొగరు.

ముప్పై ఏళ్లు కటింగ్ మిషన్ పక్కన కూర్చున్న చెవులు ఎన్నాళ్లని పనిచేస్తాయి? దూది పెట్టుకోమని ఎవరైనా అంటే, "పెట్టుకుంటే డొల్ల చప్పుడు నువ్వొచ్చి వింటావా?" అని వెక్కిరించేవాడు. వినికిడి తగ్గాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్లే నోట్లో నోట్లో గొణుగుతున్నారని విసుక్కునేవాడు. చెబితే పని పోతుంది మరి. పని లేకుండా ఇంట్లో ఏ మూల కూర్చోవాలో ఆయనకు తెలియదు, ఆ మాట తలుచుకుంటేనే భయం.

కూతురు పాత ఇల్లొకటి కొనుక్కుంది. స్నానాల గది పని తండ్రే నెత్తికెత్తుకున్నాడు. నేలకు ఆమె మిలమిల మెరిసే టైల్స్ ఎంచుకుంటే, "తడి పడితే నడుం విరుగుతుందే" అని తిట్టి గరుకువి తెప్పించాడు. రెండు గోడలకు గమ్ము పట్టు దొరికేలా సుత్తితో ఒత్తుగా గాట్లు కొట్టాడు, దుమ్ము కడిగాడు, తడిపాడు. మూడో గోడకు పాత ఆయిల్ పెయింటు ఉంది. దాని మీద ఏదీ నిలవదు, మొత్తం చెక్కాల్సిందే. ఉలి పెట్టగానే పక్కగదిలో కూతురి నెలల పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది.

"నాన్నా, దానికి ఒళ్లు కాలిపోతోంది. ఇప్పుడే నిద్రపట్టింది. ఇవాళ్టికి ఆపవూ?" అంది కూతురు.

ఆపి మర్నాడు రావచ్చు. కానీ అప్పటికే బకెట్టు నిండా గమ్ము కలిపి ఉంది, కాసేపుంటే బిగుసుకుపోతుంది. మనవరాలి మీద జాలో, గమ్ము మీద జాలో, పెయింటును గీకీ గీకనట్టు గీకి టైల్స్ ఎక్కించేశాడు. డొల్ల ఉంటే తర్వాత పీకొచ్చులే అనుకున్నాడు.

రెండు రోజులాగి కొట్టి చూశాడు. ఏదీ డొప్పుమనలేదు. అసలు టక్కుమననూ లేదు, ఆ మాట ఆయన తనకు తానే ఒప్పుకోలేదు.

"ఏమ్మా, నిండుగానే ఉన్నాయిగా?" అని కూతుర్ని అడిగాడు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆయన వెంట పనుల్లో తిరిగిన పిల్ల, ఆ చప్పుళ్లు ఆమెకూ తెలుసు.

ఆమె కాస్త ఆగి, "ఉన్నాయి నాన్నా" అంది.

వారం తర్వాత ఒకరోజు పన్నెండు కావొస్తుండగా వెళ్తే, కూతురు హాలు మధ్యలో టబ్బు పెట్టి పాపకు నీళ్లు పోస్తోంది. నేలంతా తడి.

"ఇదేం పని? అంత గది ఎందుకు, చూసుకు మురవడానికా?"

ఆమె తల ఎత్తకపోయేసరికి ఆయనకు గీకీ గీకని పెయింటు గుర్తొచ్చింది. ఆయన విసవిసా గదిలోకి వెళ్లి మూడో గోడ టైల్ అంచుకు ఉలి ఆనించాడు. కొట్టకుండానే ఊడి చేతిలోకి వచ్చింది, వెనక గమ్ముతో పాటు పెయింటు పొర కూడా. రెండోదీ అంతే. సరిగ్గా పాపకు నీళ్లు పోయడానికి పీట వేసే చోట.

"నీకు తెలుసా?"

"నువ్వు కొట్టినప్పుడే వినపడింది." ఇన్నాళ్లకి కూతురు ఆయన దగ్గర గొంతు పెంచి అరిచింది. "నీకు వినపడలేదనీ అప్పుడే తెలిసింది. ఆ మాట నా నోటితో ఎలా చెప్పను?"

డొల్లయ్య అక్కడే గోడకు ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఎన్నాళ్లనుంచి నాన్నా?"

"మూడేళ్లేమో."

"ఈ మూడేళ్లలో ఎక్కడెక్కడ వేశావు?"

ఆయన ఊడిన టైల్‌ను తిప్పి, వెనక అంటిన పెయింటు పొరను వేలితో తడిమాడు.

"ఈ పక్క వీధి బడిలో," అన్నాడు. "పిల్లలు చేతులు కడుక్కునే గోడ. ఆయిల్ పెయింటే. సెలవులు అయిపోతున్నాయని తొందరపెట్టారు. నా తలకంటే ఎత్తు వేశాను."

కూతురు పాపను తువ్వాల్లో చుట్టి చంకనేసుకుంది, చెప్పుల కోసం వెతికింది. ఇంకో పావుగంటలో బడిలో భోజనాల గంట కొడతారు.