పదో పిల్ల ప్రశ్న

నా చిన్నప్పుడు నాకు నోరెక్కువ. ఇంటికి ఎవరొచ్చినా ముందు పలకరించేది నేనే, గుమ్మం దాకా వెళ్లి సాగనంపేదీ నేనే. తొండుపల్లిలో మా నాయనమ్మకు అది ముద్దు, అమ్మకు తలనొప్పి. ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ నోరే నన్ను అంతరిక్షం దాకా తీసుకుపోయింది. అక్కడినుంచి కింద పడేసింది కూడా అదే.

మా పక్కింట్లో ఒక చాచా ఉండేవారు. శంషాబాద్ బస్టాండు దగ్గర రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఇంట్లో ఆయన సొంత రేడియో ఒకటి ఉండేది. అది పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. హామ్ రేడియో అంటారు. సర్కారు లైసెన్సు తీసుకుని, డాబా మీద యాంటెన్నా నిలబెట్టి, ఎక్కడెక్కడి వాళ్లతోనో ముచ్చట్లు పెట్టేవారు. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలోనూ అలాంటి రేడియో ఉందని, అక్కడి వ్యోమగాములు బడిపిల్లలతో మాట్లాడతారని ఆయన చెబితే మేము నమ్మలేదు. ఆయన ఊరుకోలేదు. ఏడాది పాటు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి మా బడికి ఒక రోజు, ఒక సమయం సంపాదించారు.

ఆ కేంద్రం మాకు అందేది పది నిమిషాలే. హిమాయత్ సాగర్ వైపు ఆకాశంలో పైకొచ్చి, తూర్పున గుట్టల వెనక్కి దిగిపోతుంది. దిగిపోయిందంటే మాట తెగిపోతుంది. పైగా ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అవతలివాళ్లు వినవలసిందే. 'ఓవర్' అని బటన్ వదిలితేనే జవాబు వస్తుంది. పదిమంది పిల్లలం, పది ప్రశ్నలు. చాచా మాకు తాలీము ఇచ్చిన తీరు చూసి హెడ్మాస్టరు గారే నవ్వారు. ఒక సోడా బుడ్డి తెచ్చి, వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరూ తాగి పక్కవాళ్లకు ఇవ్వమన్నారు. మొదటిరోజు ఆరో పిల్లవాడి దగ్గరే బుడ్డి ఖాళీ అయింది. వారం తిరిగేసరికి పదో పిల్లకు కూడా ఒక గుక్క మిగల్చడం నేర్చుకున్నాం.

నా గొంతు గట్టిది కాబట్టి, సిగ్నల్ పలచబడే వేళకు పనికొస్తానని నన్ను తొమ్మిదో నంబరులో పెట్టారు. పదో పిల్ల నాకన్నా ఏడాది చిన్నది. వాళ్లమ్మ బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి నడిపేది. క్లాసులో ఆ పిల్ల నోరు విప్పగా ఎవరూ వినలేదు. అందరూ అడిగాక తనకూ ధైర్యం వస్తుందని చాచా ఆఖరున ఉంచారు. ప్రశ్నలు రాసివ్వమన్నప్పుడు మాత్రం ఆ పిల్ల చక్కటి చీటీ ఇచ్చింది. అక్కడ పొయ్యి అంటిస్తే మంట ఎటు లేస్తుంది, అని. అన్నిట్లోకీ ఇదే మంచి ప్రశ్న అన్నారు చాచా. నాకు కుళ్లు పుట్టిన మాట నిజం. ఆ పిల్ల మాత్రం ఆ ప్రశ్నను ఇంగ్లీషులో రాయించుకుని, బండి పక్కన ఉల్లిగడ్డలు తరుగుతూ నెలరోజులు బట్టీ పట్టింది.

ఆ రోజు పొద్దున నేను జడ వేయించుకుంటుంటే మా నాయనమ్మ నాకొక పని అప్పజెప్పింది. పైనుంచి మాట్లాడబోయేది ఒక ఆడమనిషి అని ఆమెకు తెలిసింది.

"గంత దూరం పోయిన బిడ్డ తిన్నదో లేదో ఎవ్వరడుగుతరే? ముందుగాల అది అడుగు. తర్వాత నీ ముచ్చట చెప్పు."

బడి హాలు నిండిపోయింది. చాచా రేడియో ముందు కూర్చుని పిలిచారు. గరగర శబ్దం. మళ్లీ పిలిచారు. ఆ గరగరలోంచి ఒక ఆడగొంతు మా బడి పేరు పలికింది. ఎనిమిదిమంది సోడా తాగినట్టే పద్ధతిగా అడిగి పక్కకు జరిగారు. నా వంతు వచ్చింది. మైకు పట్టుకోగానే నాకు నాయనమ్మ మాట గుర్తొచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులోనే బాగున్నారా అన్నాను, తిన్నారా అన్నాను, మా నాయనమ్మ అడగమంది అన్నాను, ఇక్కడ అందరం బాగున్నామన్నాను. ఆ తర్వాత గానీ నా ప్రశ్న అడగలేదు. పైన ఆమె పకపకా నవ్వింది. పొద్దున రొట్టెలో చుట్టుకుని ఏం తిన్నదో వివరంగా చెప్పింది, నాయనమ్మకు కృతజ్ఞతలు చెప్పమంది, ఆపైన నా ప్రశ్నకు జవాబిచ్చింది. హాలంతా చప్పట్లు. నేను నేల మీద లేను.

పదో పిల్ల మైకు తీసుకుంది. వణకలేదు, తడబడలేదు. మా అందరికన్నా స్పష్టంగా అడిగి 'ఓవర్' అని బటన్ వదిలింది. గరగర. మళ్లీ అడిగింది. మళ్లీ గరగరే. వెనక ఇంకా నన్ను మెచ్చుకుంటున్న వాళ్లను చాచా చెయ్యెత్తి ఊరుకోబెట్టారు. కేంద్రం గుట్టల వెనక్కి దిగిపోయిందని, ఇక ఎవరూ పలకరని ఆయనకు తెలుసు. అయినా మరో రెండు నిమిషాలు హాలంతటినీ ఆ పిల్ల జవాబు కోసం ఎదురుచూసేలా చేశారు. తర్వాత ఆ పిల్ల మైకును మెల్లగా బల్ల మీద పెట్టి, తడిసిన అరచేతులు గౌనుకు తుడుచుకుని, వెళ్లి తన చోట కూర్చుంది. ఏడ్చినా బాగుండేది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే చాచా నన్ను తిట్టలేదు.

"మీ నాయనమ్మ మాటల తప్పు లేదు బేటీ. మంచి మాటే అడిగినవ్. కానీ గా టైము నీది గాదు, ఆ పొల్లది. ఇగ దాని ప్రశ్నకు జవాబు నువ్వే తేవాలె. పైకెళ్లి తెస్తవో కిందకెళ్లి తెస్తవో నీ ఇష్టం."

మూడు వారాలు తిరిగాను. సైన్సు సారు మంట ఎక్కడైనా పైకే లేస్తుంది, పో, అన్నారు. నాయనమ్మ అసలు గాలే లేని చోట పొయ్యేంది అని కొట్టిపారేసింది. చివరకు చాచా పట్నం పోతూ నన్ను కూడా బస్సెక్కించుకుని ఒక పెద్ద గ్రంథాలయంలో వదిలారు. పాత పత్రికల కట్టల్లో, మధ్యాహ్నం దాటాక దొరికింది. భూమి మీద వేడిగాలి తేలికై పైకి పోతుంది కాబట్టి మంట కూడా కోసుగా లేస్తుంది. అక్కడ కేంద్రం లోపల గాలి ఉన్నా, దేనికీ బరువు తెలియదు, పైకీ కిందికీ తేడా లేదు కాబట్టి మంట గుండ్రంగా, నీలంగా ఉంటుంది. బొమ్మ కూడా వేశారు. చాచాకు ఈ సంగతి ముందే తెలుసని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆ సాయంత్రమే బజ్జీల బండి దగ్గరికి పరుగెత్తాను. ముందు క్షమించమని అడిగాను, తర్వాత జవాబు చెప్పాను. ఆ పిల్ల స్టవ్వు కిందికి వంగి మంటను చాలాసేపు చూసింది. నాతో మొదటిసారి మాట్లాడింది అప్పుడే.

"గుండ్రంగ ఉంటే మరి బజ్జీలు కాలుతయా అక్కా?"

అంత నోరున్న నేను తెల్లమొహం వేశాను. వాళ్లమ్మ నవ్వి ఇద్దరికీ చెరో బజ్జీ చేతిలో పెట్టింది. మర్నాటినుంచి ఇద్దరం కలిసి వెతకడం మొదలుపెట్టాం.

ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, నాకు చెల్లెలి కన్నా ఎక్కువ. నేను టీచరునయ్యాను. నోరు తగ్గలేదు, ఎవరు కనిపించినా తిన్నారా అని అడగడమూ మానలేదు. కానీ పెళ్లిలో గానీ, మీటింగులో గానీ, నా మాట జోరు మీదున్నప్పుడు ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరిగి చూస్తాను. నా తర్వాత ఎవరైనా మాట్లాడాలని నిలబడి ఉంటే, నా మాట సగంలో ఉన్నా సరే, మైకు వాళ్ల చేతికి ఇచ్చేస్తాను.