దుప్పటి వదిన

మా వలల షెడ్డులో ఆవిడకు ఆ పేరు ఊరికే రాలేదు. మంచు కురిసే మా రేవులో చలికాలం మొదలైతే చాలు, కుర్చీ కింద రెండు ఉన్ని దుప్పట్లు మడతపెట్టి ఉంచుకునేది. నీళ్లలో పడ్డవాణ్ని రేవుకు తెస్తున్నారని వినిపిస్తే, కుడుతున్న వల అక్కడే వదిలేసి దుప్పట్లు చంకన పెట్టుకొని పరుగెత్తేది. "పడుకోబెట్టండి! నిలబెడితే మీ కాళ్లు విరగ్గొడతా!" అన్న అరుపు ముందు వచ్చేది, మనిషి తర్వాత. ఒంటికి వేడని మందు సీసా తెచ్చినవాడికి చీవాట్లు, కాళ్లూ చేతులూ రుద్దబోయినవాడికి చెయ్యి మీద ఒక్కటి. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. దుప్పటి వదినకు చిక్కితే రేవు ఆఫీసరైనా పడుకోవాల్సిందేనని కుర్రాళ్లు నవ్వుకునేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆవిడ ఇలా తయారైన రోజున నేను పక్కనే ఉన్నాను.

ఆ రోజు రేవు మెట్ల మీద మంచు పేరుకుంది. ఆవిడ భర్త పడవ రేవు గోడ అవతల ఈదురుగాలికి తిరగబడింది. చాలాసేపు ఆ చన్నీళ్లలో పడవ అడుగును పట్టుకొని వేలాడాడు. తెచ్చి ఒడ్డున దించగానే, ఆయన తమ్ముడు సంతోషం పట్టలేక చంకల్లో చేతులేసి లేపి నిలబెట్టాడు. "చూశారా, మా అన్నయ్య ఇనుము!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆయన భార్యను చూసి నవ్వాడు, నాలుగడుగులు వేశాడు, కుప్పకూలిపోయాడు. మళ్లీ లేవలేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ మా ఇద్దరికే మెల్లగా చెప్పింది. అంతసేపు చన్నీళ్లలో ఉన్న మనిషిని ఉన్నట్టుండి నిలబెడితే రక్తం కాళ్లలోకి దిగిపోతుందట, గుండె తట్టుకోలేక ఆగిపోతుందట. "ఎవరు నిలబెట్టారమ్మా?" అని అడిగింది.

"ఎవరూ కాదు. ఆయనే లేచారు," అంది వదిన, తడుముకోకుండా. చేతిసంచి పట్టుకొని నిలబడ్డ నా వైపు ఒక్క చూపు చూసింది. అంతే, నా నోటికి తాళం పడింది.

ఆవిడ కాపురానికి వచ్చేనాటికి మరిది బడికి వెళ్లే పిల్లాడు. తల్లి లేని వాణ్ని ఆవిడే పెంచింది. అన్న పోయాక కూడా పడవ దిగితే వాడు నేరుగా వదిన ఇంటికే వచ్చేవాడు. కూరలో ఉప్పెక్కువైందని వంకలు పెడుతూనే మళ్లీ వడ్డించుకునేవాడు. ఆవిడ ఆ నిజాన్ని కడుపులోనే దాచుకొని వాడికి వడ్డించేది.

ఈ చలికాలం గాలి హెచ్చరిక జెండా ఎగురుతుండగానే, వేసిన వల కొట్టుకుపోతుందని వాడు పడవ వేసుకొని వెళ్లాడు, మూర్ఖుడు. అదే గోడ అవతల పడవ తిరగబడింది. పక్క పడవవాళ్లు తెచ్చి ఒడ్డున పడుకోబెట్టేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి, వణుకు కూడా ఆగిపోయింది. నోరు మాత్రం ఆగలేదు.

"వదినా, అందరూ చూస్తున్నారు. నడిచి వెళ్తాలే."

"సిగ్గు తర్వాత పడుదువుగాని. కదలకురా, నీకు దండం పెడతా."

"అబ్బ, వదులు! నేనేమన్నా చచ్చానా?" అంటూ ఆవిడ చేతులు తోసేశాడు. నేను కాళ్లు పట్టుకున్నా ఆగలేదు. ఒక మోకాలు పైకి తెచ్చి, మోచేతి మీద లేవబోయాడు. అంబులెన్సు జాడ లేదు.

వదిన ఈసారి అరవలేదు. వాడి చెవి దగ్గరికి వంగింది. "మీ అన్నయ్య కూడా చావలేదురా, నువ్వు లేపి నిలబెట్టేదాకా."

వాడు ఆవిడ ముఖంలోకి చూశాడు. మోకాలు దానంతటదే కిందికి జారింది. వదిన వాడి తడి చొక్కా కత్తిరించి దుప్పట్లు కప్పింది. అంబులెన్సు వచ్చేదాకా వాడు కదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

బతికాడు. ఆసుపత్రి నుంచి వచ్చాడు, మళ్లీ పనిలోకీ దిగాడు. వదిన గడప మాత్రం తొక్కలేదు. ఎదురుపడితే తల దించుకొని పక్క సందులోకి తిరిగిపోతున్నాడు.

ఉండబట్టలేక ఒకరోజు షెడ్డులో అడిగేశాను. "ఇన్నేళ్లు దాచావు కదే. ఇంకేదైనా చెప్పి ఆపలేకపోయావా?"

వదిన వల మీది నుంచి తల ఎత్తలేదు.

"ఇంకేం చెప్పినా లేచేవాడే," అంది. "మా ఇంట్లో తినకపోతే మానె. ఎక్కడో ఒకచోట తింటున్నాడుగా."