సర్వర్‌కు కాపలా

ఆసుపత్రి ల్యాబు రిపోర్టులన్నీ దాచే సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండటం ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆయన్ని డేగకళ్ళాయన అంటారు. మొహం మీదే అంటారు, ఆయనకూ అదొక ముచ్చట. ఇంట్లో గ్యాస్ కట్టేసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునే రకం. రంగురంగుల మీటర్లు ఆయన కంటికి ఆనవు. నల్లటి తెర మీద కమాండు కొట్టాలి, అంకెలు బిలబిలా దిగాలి, అప్పుడుగానీ మనసు కుదుటపడదు.

ఆ వారం ఎంతకీ కుదుటపడలేదు. సర్వర్ నత్తనడక నడుస్తోంది. కింద రిపోర్టుల కోసం వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర గొడవకు దిగుతున్నారు. కొత్తగా చేరిన అమ్మాయి రాసిన ప్రోగ్రామే దీనికంతటికీ కారణమని మేనేజరు తేల్చేశాడు. సాయంత్రంలోగా వేరే కారణం చూపించకపోతే ఆమెను పంపించేస్తానన్నాడు.

డేగకళ్ళాయనకు ఏదీ బుర్రకెక్కడం లేదు. ఒక అంకె చూస్తే పనులు బారులు తీరి నిలబడ్డాయంటుంది. దాని కింది అంకె చూస్తే ప్రాసెసర్ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుందంటుంది. బయట అంత జనం ఉంటే లోపలివాడికి పని లేకపోవడమేమిటి? కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అయోమయం ఇంకాస్త ముదిరింది.

"పనులన్నీ డిస్కు దగ్గర ఆగిపోయుంటాయి బాబాయ్‌గారూ. డిస్కును అంతలా ఏది వాడేస్తోందో చూడండి," అంది అమ్మాయి. పొద్దున ఏడ్చినట్టుంది, గొంతు బొంగురుపోయింది.

కమాండు కొట్టాడు. తెర నిండా ఒకటే పేరు, ఆయనదే.

"నా పాస్‌వర్డు ఎవడో కొట్టేశాడమ్మా."

అమ్మాయి ముందుకు వంగి చూసింది. "ఇది మీరు పెట్టిందే కదండీ?"

ఆయనే పెట్టాడు. డిస్కు నిండిపోతుందేమోనన్న బెంగతో, నిమిషానికోసారి ఫోల్డర్లన్నీ కొలవమని పోయినవారం సర్వర్‌కే పురమాయించాడు. ఒక కొలత పూర్తికాకముందే ఇంకోటి మొదలై, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి డిస్కును ఊపిరాడనివ్వడం లేదు. నిద్రపోతున్న పిల్లను తట్టి లేపి, నిద్రపట్టిందా అని అడిగినట్టుంది వ్యవహారం. సిగ్గుతో చచ్చిపోయాడు. అన్నిటినీ ఆపేసి, లేచి మేనేజరు గదికి వెళ్ళాడు.

"కారణం దొరికిందా?"

"దొరికిందండీ. నేనే."

"మీరేమిటి?"

"సర్వర్ బాగుందో లేదోనని ఆపకుండా చూస్తూనే ఉన్నానండీ. ఆ చూడటమే దాన్ని నడవనివ్వలేదు. ఆ అమ్మాయి తప్పు ఇసుమంత కూడా లేదు."

ఇప్పుడు అయోమయం మేనేజరు వంతయింది. "సరే, అమ్మాయి ఉంటుంది. మరి ఇప్పుడు సర్వర్‌ను ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ చూడటం లేదండీ. అందుకే నడుస్తోంది."

అన్నాకగానీ, తనకు జీతమిచ్చేది ఆ చూసే పనికేనని ఆయనకు తట్టలేదు.